బాతు వెనక రెండు బిళ్ళలు

ఆ బడి హాజరు పుస్తకంలో ఆవిడకో పేరుంది గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకీ, టీచర్లకీ, గేటు దగ్గర కాపలా మనిషికీ ఆవిడ జిగురమ్మే. మెట్ల కింద సామాన్ల గది, దానికో చిన్న కిటికీ, కిటికీ వెనక ఎత్తు పీట మీద జిగురమ్మ. విరిగిన స్కేళ్ళు, అట్టలూడిన పుస్తకాలు, చెయ్యి పోయిన బొమ్మలు, నోరు తెరిచిన బూట్లు అన్నీ ఆ కిటికీలోంచే లోపలికి వెళ్ళి మర్నాటికి బుద్ధిగా బయటికొచ్చేవి. ఓసారి సైన్సు గదిలో అస్థిపంజరానికి దవడ ఊడితే అదీ అతికింది. "మనిషి మనసొక్కటే నా జిగురుకి లొంగదు, మిగతావేవైనా పట్రండి" అనేది.

ఆవిడకో పద్ధతుంది. ఎవరు విరగ్గొట్టారని అడగదు. అడగదంటే అడగదు. చిన్నప్పుడు పలక పగిలిందని వాళ్ళ నాన్న కొట్టిన చెంపదెబ్బ ఎడమ చెవిలో ఇప్పటికీ హోరుమంటూనే ఉంటుంది. అందుకని ఏ పిల్ల బిక్కమొహం వేసుకుని కిటికీ దగ్గరికొచ్చినా చెయ్యి చాపి వస్తువు అందుకునేది. "నీకూ నాకూ మధ్యే. మూడో చెవిన పడకూడదు" అని కన్ను కొట్టేది. ఓ చేతిపుస్తకంలో తేదీ వేసి, ఏ వస్తువు, ఏం అతికిందీ రాసుకునేది. తెచ్చిన పిల్ల పేరు మాత్రం రాసేది కాదు. మంచి పనే, ఎవరు కాదంటారు? ఆ మంచితనమే ఏదో ఒకనాడు కొంప ముంచుతుందని ఆ గురువారం దాకా ఆవిడకి తెలీదు.

ఆ మధ్యాహ్నం అన్నాల గంట అయ్యాక ఆఫీసు గుమాస్తా వచ్చి కిటికీలోంచి ఓ కాగితం లోపలికి తోశాడు. బొమ్మల కంపెనీవాళ్ళు పంపారనీ, ఏదో సరుకు వెనక్కి తీసుకుంటున్నారనీ, అది ఆవిడ గదిలోంచి వెళ్ళిందే కనక చూసుకోమనీ చెప్పి వెళ్ళిపోయాడు. జిగురమ్మ కళ్ళజోడు తుడుచుకుని తీరుబడిగా చదవడం మొదలెట్టింది. మూడో వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆ తీరుబడి ఎటు పోయిందో పోయింది.

బోర్డుకి అంటుకునే జంతువుల బొమ్మల గురించి ఆ కాగితం. ఒక్కో బొమ్మ వెనకా చిటికెన వేలి గోరంత అయస్కాంతం బిళ్ళలు రెండేసి ఉంటాయి. అవి ఊడిపోతున్నాయి కాబట్టి వెంటనే వాడకం ఆపాలి. కింద లావాటి అక్షరాల్లో ఇంకా ఉంది. ఊడిన బిళ్ళ కనపడకపోతే ఎవరో ఒక పిల్ల మింగిందనే అనుకోవాలి. ఒక్కటి మింగితే దానంతటదే బయటికి పోవచ్చు. రెండు మింగితే మాత్రం కడుపులో ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో చిక్కిన పేగుని నొక్కి నొక్కి చిల్లి పెడతాయి. మొదట్లో మామూలు కడుపునొప్పిలాగే ఉంటుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

సోమవారం పొద్దున తను అతికిన బాతు జిగురమ్మ కళ్ళ ముందుకొచ్చింది.

ఒకటో తరగతి చిన్న టీచరు ఒక ఆట పెట్టింది. శుక్రవారం సాయంత్రం ఒక్కో పిల్లా బోర్డు మీది జంతువుల్లో ఒకదాన్ని ఇంటికి చుట్టంగా తీసుకెళ్ళాలి. ఆ చుట్టం రెండు రోజులు వాళ్ళింట్లో ఏం తిందో, ఎక్కడ పడుకుందో సోమవారం వచ్చి క్లాసులో చెప్పాలి. పంపే ముందు పిల్లల్ని వాళ్ళ వాళ్ళ చుట్టాలతో నిలబెట్టి, ఒక్కొక్కరినీ ఫోటో తీసి తల్లిదండ్రులందరూ ఉన్న ఫోన్ గ్రూపుకి పంపేది. పోయిన శుక్రవారం బాతు ఎవరింటికి వెళ్ళిందో జిగురమ్మకి ఏ ఫోటో చూడక్కర్లేకుండానే తెలుసు. చిట్టెలుక ఇంటికి.

చిట్టెలుక అంటే అయిదేళ్ళ పిల్ల. కనపడిందల్లా కొరుకుతుందని ఆ పేరు. పెన్సిళ్ళ తలలు, గౌను బొత్తాలు, సంచీ తాళ్ళు, దేన్నీ వదలదు. ఆ పేరు పెట్టింది జిగురమ్మే. అంత ముద్దుగా పెట్టింది కదా, ఆ సోమవారం పొద్దున ఆ పిల్ల బాతుని రెండు చేతుల్లో దాచుకుని కిటికీ దగ్గర నిలబడినప్పుడు, బాతు వెనక రెండు గుంటలూ ఖాళీగా ఉన్నప్పుడు, తను పెట్టిన పేరైనా తనకి గుర్తు రావద్దూ! రాలేదు. పిల్ల కళ్ళలో భయమే కనపడింది. మామూలుగా అనే మాటే అంది. పాత నోటీసు బోర్డువి రెండు బిళ్ళలు డబ్బాలోంచి తీసి, జిగురేసి, ఆరబెట్టి, రెండో గంట కొట్టకముందే బాతుని బోర్డు మీదికి చేర్పించింది. ఆ ఊడిన బిళ్ళలేవే తల్లీ అని ఒక్కమాట అడగలేదు.

అక్కడితో ఆగిందా? నిన్న పొద్దున గేటు దగ్గర పిల్ల తల్లి కనపడింది. ఆమె హోటలు దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది, ఎప్పుడూ పరుగు మీదే ఉంటుంది. పాప మంగళవారం నుంచి కడుపునొప్పంటోంది పెద్దమ్మా, రాత్రి ఒకసారి కక్కుకుంది, బడికి పంపనా వద్దా అని అడిగింది. అంత నమ్మకం మరి పెద్దమ్మ మీద. జిగురమ్మ నవ్వింది. "బడి గంటకి వచ్చే కడుపునొప్పి ఇంటి గంటకి పోతుందిలే. పంపించు" అంది. తల్లి కూడా నవ్వి పిల్ల చెయ్యి వదిలేసి వెళ్ళింది. పిల్ల మాత్రం నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది జిగురమ్మకి.

పీట మీంచి లేచింది. గోడ పట్టుకుని ఒకటో తరగతి దాకా వెళ్ళి గుమ్మంలోంచి చూసింది. రెండో వరసలో మూడో బల్ల ఖాళీ. చిట్టెలుక ఇవాళ రాలేదని, ఇంటి నుంచి కబురు కూడా లేదని చిన్న టీచరు చెప్పింది. బోర్డు మీద బాతు పసుప్పచ్చగా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

పెద్ద టీచరమ్మ గదికి కాగితం, చేతిపుస్తకం రెండూ పట్టుకుని వెళ్ళింది. పెద్ద టీచరమ్మ చెడ్డమనిషి కాదు. భయపడ్డ మనిషి. కాగితం చదివి తెల్లబోయింది. వెంటనే గంట కొట్టించి, జంతువులన్నిటినీ ఊడదీసి పెట్టెలో పెట్టి తాళం వెయ్యమంది. చిట్టెలుక ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. అంతే. రేపు పొద్దున తల్లిదండ్రులందరికీ ఉత్తరం రాద్దామంది. అప్పుడు జిగురమ్మ బాతు సంగతి చెప్పింది, పుస్తకం తెరిచి చూపించింది. పెద్ద టీచరమ్మ పుస్తకం వంక ఓసారి, ఆవిడ వంక ఓసారి చూసి తలుపు దగ్గరికి వేసింది.

"మీరు వెళ్ళి పాపని చూసి రండి. కాగితం వచ్చిందని చెప్పండి, డాక్టరుకి చూపించమనండి. కానీ మీరు అతికిన మాట ఎత్తకండి. పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళండి. ఇప్పటిదాకా ఇది కంపెనీ తప్పు. ఆ పుస్తకం బయటికొస్తే మన తప్పవుతుంది, బడి మూతపడుతుంది. మీ ఉద్యోగం సంగతి మీరే ఆలోచించుకోండి" అంది.

జిగురమ్మ తల ఊపింది. తల ఊపడం ఆవిడకి అలవాటే. అయితే పుస్తకం బల్ల మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. పెద్ద టీచరమ్మ ఫోన్ వైపు తిరిగినప్పుడు దాన్ని సంచీలోకి జార్చేసి, ఆపైన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బయటికి నడిచింది. ఎందుకు తీసుకుందో ఆవిడకే తెలీదు. చెప్పడానికి తీసుకుందనుకుంటే అది అబద్ధం. దాచడానికే తీసుకుందేమో కూడా.

బస్సు ఎక్కింది. ఆ బస్సు ప్రతి స్టాపులోనూ పెళ్ళివారి బండిలా ఆగుతూ పోయింది. ఒక స్టాపులో ఎవరో పెద్దాయన చిల్లర కోసం జేబులన్నీ వెతుక్కుంటుంటే, ఆవిడకి అతన్ని కిందికి తోసెయ్యాలనిపించింది. తనలో తనే మాట్లాడుకుంది. పిల్లకి ఏమీ అయ్యుండదు. బిళ్ళలు వాళ్ళింట్లో మంచం కిందో, ఏ మూలో పడుంటాయి. వెళ్ళేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. తనని చూసి పరుగెత్తుకొస్తుంది.

చిట్టెలుక ఉండేది ఓ నాలుగంతస్తుల ఇంట్లో, మూడో అంతస్తులో. తలుపుకి తాళం వేసుంది. పక్కింటావిడ తల బయటపెట్టి, మధ్యాహ్నం పిల్ల ఆకుపచ్చగా వాంతి చేసుకుందనీ, మెలికలు తిరిగిపోతుంటే తల్లి చేతుల మీద వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తిందనీ చెప్పింది. పాపం, చెప్పులు కూడా వేసుకోలేదు ఆ అమ్మాయి అంది. గుమ్మం పక్కనే తల్లి చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉన్నాయి. జిగురమ్మ వంగి, ఆ రెండూ ఏరి సంచీలో వేసుకుంది. మెట్లు దిగుతున్నప్పుడు తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో బేరం.

ఆసుపత్రిలో పిల్లల విభాగం ముందు పొడవాటి నడవా, గోడ వారన బల్లలు. తల్లి ఆ చివర నిలబడి ఉంది. జిగురమ్మని చూడగానే పట్టుకుని భోరుమంది. "పెద్దమ్మా, నువ్వొచ్చావా. నాకెవరూ లేరనుకున్నాను" అంది. ఆ మాట జిగురమ్మకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చెప్పులు తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. తరవాత కాగితం తీసి ఇచ్చింది. కంపెనీవాళ్ళు ఇలా పంపారమ్మా, పాప బాతుని ఇంటికి తెచ్చింది కదా, అందుకని వచ్చానంది. అంతవరకే చెప్పింది. మిగతా సగం సంచీలో పుస్తకంతో పాటే ఉండిపోయింది.

డాక్టరు ముప్పయ్యేళ్ళ అమ్మాయి. నిద్ర లేని కళ్ళు, నిదానమైన మాట. అప్పటికే పిల్ల పొట్టకి ఎక్స్‌రే తీయించింది. ఫోటోని వెలుగుకి పెట్టి చూపించింది. పిల్ల ఎముకల మధ్య తెల్లగా, గుండ్రంగా, ఒకే ఒక్క చుక్క. ఏదో మింగిందని అప్పుడే అనుమానం వచ్చిందట, పిల్లని ఎంత అడిగినా ఏమీ మింగలేదంటోందట. కాగితం చదివాక డాక్టరు మొహం బిగుసుకుంది. అక్కడే నిలబడి బడికి ఫోన్ చేసింది. ఆ బాతుకి బిళ్ళలు ఉన్నాయో లేవో వెళ్ళి చూడమంది.

జిగురమ్మ గోడకి ఆనుకుంది. చిన్న టీచరు తాళం తీయించి, పెట్టెలోంచి బాతుని వెతికి, వెనక్కి తిప్పి చూస్తోంది ఇప్పుడు. ఏం కనపడుతుందో జిగురమ్మకి తెలుసు. గట్టిగా, నీటుగా, కొత్తదానికంటే కొత్తగా రెండు బిళ్ళలు. ఇరవై ఏళ్ళ అనుభవం మరి.

డాక్టరు ఫోన్ పెట్టేసి గట్టిగా ఊపిరి వదిలింది. బాతుకి రెండు బిళ్ళలూ ఉన్నాయట, సోమవారం పిల్ల తెచ్చిచ్చినప్పుడు కూడా ఉన్నాయని టీచరు ఒట్టేసి చెబుతోందట. అంటే ఇది అయస్కాంతం కాదు, ఏ లోహపు బొత్తామో అయి ఉంటుంది. బొత్తాలు కొరికే అలవాటుందని తల్లి కూడా చెప్పింది కదా. ఒక్కటే కనక కంగారు పడక్కర్లేదు, రాత్రికి ఇక్కడే ఉంచుకుని పొద్దున్నే ఇంకో ఫోటో తీద్దాం, చాలావరకు దానంతటదే పోతుందంది.

తల్లి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. ఏడుస్తూనే నవ్వుతోంది. బొత్తామేనంట పెద్దమ్మా, బొత్తాం, ఇంటికెళ్ళాక దాని గౌన్ల బొత్తాలన్నీ కత్తిరించి పారేస్తానంటోంది. జిగురమ్మ కూడా నవ్వబోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకీ ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మే అంటోంది కదా. చదువుకున్న మనిషి. బొత్తామే అయి ఉండొచ్చు కదా. ఇప్పుడు ఇంటికెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు. పుస్తకం ఏ పొయ్యిలోనో పెడితే అయిపోతుంది. ఉద్యోగం ఉంటుంది, బడి ఉంటుంది, కిటికీ ఉంటుంది.

సగం తెరిచిన తలుపులోంచి మంచం మీద చిట్టెలుక కనపడుతోంది. మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని పడుకుంది. నోట్లో ఏమీ లేదు. దుప్పటి అంచు పెదాలకి తగులుతున్నా కొరకడం లేదు. ఆ పిల్ల నోరు ఊరికే ఉండటం జిగురమ్మ ఎన్నడూ చూడలేదు.

"డాక్టరమ్మా" అంది. "ఆ బాతుకున్నవి దాని బిళ్ళలు కావు. నేనతికినవి. సోమవారం పొద్దున అది నా దగ్గరికొచ్చినప్పుడు రెండు గుంటలూ ఖాళీ. రెండూ లేవు."

సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి చూపించింది. ఆ గీత మీద వేలు పెట్టింది. సోమవారం. బాతు. బిళ్ళలు రెండు. ఊడినవి దొరకలేదు. అతికాను. కింద ఆవిడ సంతకం కూడా ఉంది, అదో గొప్ప!

డాక్టరు లోపలికి పరుగెత్తింది. తల్లి నేల మీంచి లేవలేదు. తల మాత్రం ఎత్తి చూసింది. అర్థమవుతున్న కొద్దీ ఆ మొహంలో మారినవి జిగురమ్మ చూడలేకపోయింది, కళ్ళు దించుకుని డాక్టరు వెనకే వెళ్ళింది.

డాక్టరు పిల్ల మంచం పక్కన వంగి, మింగావా అమ్మా, ఎన్ని, ఎప్పుడు అని అడుగుతోంది. చిట్టెలుక పెదాలు బిగించుకుని అడ్డంగా తల ఊపుతోంది. జిగురమ్మ ఆ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెప్పు తల్లీ అంది. పిల్ల ఆవిడ వంక చూసి, గుసగుసగా అంది.

"ఎవరికీ చెప్పొద్దన్నావుగా."

జిగురమ్మకి ఎడమ చెవిలో హోరు మొదలైంది. నాలుగు రోజులు. నాలుగు రోజులు ఆ పసిదాని పేగులు నలుగుతుంటే, తల్లి అడిగినా, డాక్టరు అడిగినా, ఈ ముసలిదానికిచ్చిన మాట కోసం నోరు మూసుకుంది. "నాదే తప్పు. నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పెయ్ నా బంగారు తల్లీ. అందరికీ చెప్పెయ్" అంది.

చిట్టెలుక చెప్పింది. బాతుకి ఆకలేస్తోందని, ఊడిన బిళ్ళలతో ముక్కు చేసిందట. ఒక బిళ్ళ నాలుక పైన, ఒక బిళ్ళ నాలుక కింద పెట్టుకుంటే టక్‌టక్‌మని బాతు ముక్కులా అంటుకునేవట. శుక్రవారం ఒకటి లోపలికి జారిపోయింది. రెండోది దాచుకుంది. ఆదివారం దాంతో ఆడుతుంటే అదీ జారిపోయింది. అమ్మ తిడుతుందని చెప్పలేదు. తరవాత నువ్వు చెప్పొద్దన్నావు అంది.

ఒకేసారి కాదన్నమాట, విడివిడిగా వెళ్ళి పేగుకి అటూ ఇటూ చేరి లాక్కున్నాయన్నమాట. డాక్టరు మొహం చూస్తే ఇక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. పిల్లని పక్కకి తిప్పి మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ముందు నుంచి ఒక్క చుక్కలా కనపడినది పక్క నుంచి రెండు సన్నటి గీతలైంది. రెంటికీ మధ్య వెంట్రుకంత సందు. ఆ సందులో ఉన్నది పేగు అంది డాక్టరు, ఎవరి వంకా చూడకుండా. పది నిమిషాల్లో పిల్లని తోపుడు మంచం మీద ఎక్కించారు. తల్లి పక్కనే పరుగెత్తింది. జోడు తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. ఎర్ర దీపం వెలిగింది.

అప్పుడు అయిదున్నర. నడవాలో బల్ల మీద ఆ చివర తల్లి, ఈ చివర జిగురమ్మ. మధ్యలో నలుగురు కూర్చునేంత ఖాళీ. గడియారం ముల్లు కదులుతోందో లేదో తెలీడం లేదు. తలుపు అవతల ఏ చప్పుడైనా ఇద్దరూ ఒకేసారి తల ఎత్తేవారు, ఒకరినొకరు చూసుకోకుండా మళ్ళీ దించుకునేవారు. తల్లి తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బావుండునని జిగురమ్మ ఏడ్చింది. ఏడ్చే హక్కు కూడా తనకి లేదనిపించి కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల పోతే ఏం చెయ్యాలో ఆలోచించడానికి ప్రయత్నించింది. ఆ ఆలోచన ఒక్కడుగు కూడా ముందుకి పోలేదు.

ఏడు కావస్తుండగా దీపం ఆరింది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. చేతిలో చిన్న స్టీలు గిన్నె. అందులో చిటికెన వేలి గోరంత బిళ్ళలు రెండు, ఒకదానికొకటి కరుచుకుని. పేగుకి చిల్లి పడిందనీ, కుట్టామనీ, కొంచెం ముక్క తీసెయ్యాల్సి వచ్చిందనీ చెప్పాడు. పిల్ల బతుకుతుందన్నాడు. పొద్దుటిదాకా ఆగుంటే నేనీ మాట చెప్పగలిగేవాణ్ణి కాదన్నాడు.

తల్లి గిన్నెలోకి చాలాసేపు చూసింది. తరవాత బల్ల ఈ చివరికి నడిచొచ్చి జిగురమ్మ ముందు నిలబడింది. జిగురమ్మ లేచింది. కాళ్ళ మీద పడదామనుకుంది. తల్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది.

"ఆ పుస్తకం ఇటివ్వండి" అంది.

పెద్దమ్మా అనలేదు. ఇవ్వండి అంది. ఇంత మర్యాద ఆమె ఎన్నడూ ఇవ్వలేదు, ఇకమీద ఇంతకంటే ఏమీ ఇవ్వదని జిగురమ్మకి తెలిసిపోయింది.

తల్లి పుస్తకం తీసుకుని బాతు పేజీ దాటి వెనక్కి తిప్పింది. వేలితో గీతలు చదువుకుంటూ పోయింది. ఆవు, బిళ్ళ ఒకటి, దొరికింది. కుందేలు, బిళ్ళ ఒకటి, దొరికింది. ఆ వేలు ఒకచోట ఆగింది. తరవాత ఇంకోచోట. జిగురమ్మకి అప్పుడు తెలిసింది ఆమె ఏం వెతుకుతోందో. బాతు ఒక్కటే అయితే కదా! ఈ మధ్యాహ్నం నుంచి బాతు తప్ప మరో జంతువు తన బుర్రలోకే రాలేదు.

ఏనుగు, బిళ్ళలు రెండు, దొరకలేదు, పది రోజుల కిందట. కోతి, రెండు, దొరకలేదు, పదిహేడు రోజులు. తాబేలు, ఒకటి, దొరకలేదు.

"వీటిని తెచ్చిందెవరు?" అని అడిగింది తల్లి.

జిగురమ్మకి ఏనుగు తెచ్చిన చేతులు గుర్తున్నాయి, సుద్దపొడి అంటుకున్న చిన్న చేతులు. మొహం గుర్తులేదు. పేర్లు రాయనమ్మా అంది. రాయకూడదనుకున్నానంది. పిల్లలకి దెబ్బలు పడతాయని.

తల్లి బల్ల మీద కూర్చుని ఫోన్ తీసింది. చిన్న టీచరు పంపిన శుక్రవారం ఫోటోలు ఒక్కొక్కటీ వెనక్కి జరుపుతూ పోయింది. చుట్టాలతో నిలబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న పిల్లలు. ముందు చిట్టెలుక వచ్చింది, బాతుని బుగ్గకి ఆనించుకుని. తల్లి వేలు అక్కడ ఒక్క క్షణం ఆగి ముందుకి కదిలింది. అంతకు ముందు శుక్రవారం ఫోటోల్లో ఏనుగు దగ్గర నిలిచింది. పై పళ్ళు రెండూ ఊడిన పిల్లాడు, ఏనుగుని తల మీద పెట్టుకుని ఉన్నాడు. ఫోటో కింద వాళ్ళ నాన్న ఏదో సరదాగా రాసిన మాట, పక్కనే ఆయన నంబరు.

తల్లి నంబరు నొక్కి ఫోన్ జిగురమ్మ చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి. డాక్టరుకి చెప్పినట్టే చెప్పండి, సగం కాదు" అంది.

అటు మోగుతోంది. జిగురమ్మ రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చెవికి ఆనించుకుంది, కుడి చెవికి, బాగా వినపడే చెవికి. నాలుగోసారి మోగాక ఎవరో ఎత్తారు. వెనక టీవీ చప్పుడు, ఓ ఆడమనిషి గొంతు. కాస్త తొందరగా చెప్పండి, మా వాడికి పొద్దున్నుంచి కడుపులో బాగోలేదు అంటోంది.